మూత ఎత్తకూడదు

ఏప్రిల్ 7, సోమవారం

దగ్గు ఎప్పుడు వచ్చింది, ఎంతసేపు ఉంది, మెట్లెక్కితే ఆయాసం వచ్చిందా, ఇవన్నీ రోజూ రాసుకోమన్నాడు డాక్టరు. అందుకే ఈ డైరీ. పొద్దున్న కొంచెం దగ్గు. మెట్లు ఎక్కలేదు. అయిపోయింది. మిగతా పేజీ ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో చెదల మందు కొట్టి కొట్టి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నానట. ఇక పంపు ముట్టుకోకూడదట. ముట్టుకుంటే ఏమవుతుందని అడిగాను. "మీ ఆవిడ ముందు చెప్పమంటారా?" అన్నాడు. వద్దన్నాను. కానీ ఆవిడ నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

పంపు, గొట్టాలు, డబ్బాలు అన్నీ వదిలించుకున్నాను. ఒక్క మందు డబ్బా షెడ్డులో మిగిలిపోయింది. మర్చిపోయాను.

ఏప్రిల్ 8, మంగళవారం

మా వీధిలో నన్ను చెదల డాక్టరంటారు. ఇవాళ ఆ డాక్టరు పెళ్ళాం నడిపే చంటిపిల్లల బడిలోనే చెద బయటపడింది. ఇంతకన్నా పరువు తక్కువ పని ఇంకోటి ఉండదు.

ఒక పిల్ల కుర్చీ కాలు నేల చెక్కలోకి దిగబడిపోయిందట. పిల్లకేం కాలేదు, పైగా అందరికంటే ఎక్కువ నవ్వింది అదేనని చెప్పారు. సాయంత్రం పిల్లలంతా వెళ్ళాక నేను మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూడ్రైవరు పిడితో హాలంతా తట్టుకుంటూ వెళ్ళాను. కిటికీ వైపు మూలంతా డొల్ల. ఒక చెక్క ఊడదీసి టార్చి వేశాను. కింద దూలాల మీద మట్టి గొట్టాలు. వేలు లావున, అటూ ఇటూ కొమ్మలు వేసుకుని, గోడ మీదికి కూడా పాకేశాయి. ఒకదాన్ని గోటితో గీరాను. తెల్లగా బిలబిలమంటూ పోతున్నాయి.

"ఉన్నాయా?" అంది ఆవిడ గుమ్మంలోంచి.

"ఉన్నాయా ఏంటి, కాపురం పెట్టి చాలా కాలమైంది."

"మందు మాటెత్తకండి. ఆ చెక్కల మీదే పిల్లలు బోర్లా పడుకుని బొమ్మలేస్తారు. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు."

నేను ఎత్తలేదు. మనసులో అనుకుంటే ఆవిడకెలా వినబడిందో!

రోజూ టీ ఫ్లాస్కు పట్టుకుని ఈ హాల్లోకి వస్తాను. ఊళ్ళో అందరి నేలలూ తట్టి చూశాను గానీ దీన్ని ఎప్పుడూ తట్టలేదు.

ఏప్రిల్ 11, శుక్రవారం

బడి ఇంటి ఓనరు పై అంతస్తులోంచి దిగి వచ్చాడు. మంచివాడే, పిల్లల గోల మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కానీ ఇల్లు ఆయనది, భయం ఆయనది. వేసవి సెలవులయ్యేదాకా చూస్తాడట. అప్పటికీ ప్రాణంతో ఒక్క పురుగు కనబడినా, కంపెనీవాళ్ళని పిలిచి నేలంతా తొలిచి మందు పోయిస్తాడట.

"పోయించండి. ఆ నేల మీద నేను పిల్లల్ని కూర్చోబెట్టను. బడి మూసేస్తాను" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచితే బావుండేది, బతిమాలి దించొచ్చు. మామూలు గొంతుతో అన్నదంటే అది జరిగి తీరుతుంది.

ఇంటికొచ్చాక పిల్లల పలకలన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే తుడుస్తూ కూర్చుంది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

దగ్గు రాయడం మర్చిపోయాను. ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

మా మరదలు వచ్చింది. మా ఆవిడ చెల్లెలు. పురుగుల మీద బూజు పెంచడం ఆమె ఉద్యోగం. చదువుకుని చదువుకుని చివరికి బూజు పెంచుతున్నావా అని తన పెళ్ళికి ముందు నుంచీ ఏడిపిస్తున్నాను. నేనేమో చదువుకోకుండానే పురుగుల్ని చంపుతున్నానని.

ఇవాళ ఒక కవరు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టింది. ఉడికించిన గింజల మీద ఆకుపచ్చటి బూజు.

"నా ఫ్రిజ్‌లోనా?" అంది ఆవిడ. జన్మంతా ఆ తలుపు రబ్బరు మీద చుక్క బూజు రానివ్వని మనిషి.

"అక్కా, ఇది మనుషుల్నేం చెయ్యదు. చెదపురుగు ఒంటికి అంటితే మాత్రం చర్మంలోంచి లోపలికి దిగి చంపేస్తుంది."

"ఒక పురుగు చస్తుంది. మిగతా పుట్టంతా?" అన్నాను.

"అక్కడే ఉంది బావా మజా. అవి ఒకదాన్నొకటి నాకి శుభ్రం చేసుకుంటాయి. ఒంటికి దుమ్మంటిన దాన్ని చూస్తూ ఊరుకోవు, నాలుగు చేరి తుడుస్తాయి. ఆ తుడిచినవాటికి కూడా బూజు అంటుతుంది. అట్లా లోపలికంటా అవే మోసుకెళ్తాయి."

ఆ మాట నాకు నచ్చలేదు. ఎందుకో తెలియదు. నేను లక్షల్లో చంపిన మనిషిని.

"పొడి ఎక్కువైతే వాసన పట్టేస్తాయి. ఆ దారి మట్టితో మూసేసి ఇంకోవైపు పోతాయి. కొంచెమే కలపాలి, తడి అట్టముక్కల్లో. తిండనుకుని రావాలి. ఇంకో సంగతి, ఆ అట్టలు ఒక చెక్కపెట్టెలో పెట్టాలి, దాని మూత ఎత్తకూడదు. వెలుతురు పడినా గాలి తగిలినా వదిలేసి పోతాయి."

"ఎన్నాళ్ళు?"

"నేను చెప్పేదాకా."

నా పనిలో ఇది కుదరదని చెప్పాను. మందు కొట్టిన మర్నాడు చచ్చిన పురుగుల్ని కాగితంలోకి ఊడ్చి ఇంటివాళ్ళకి చూపించాలి. శవాలు చూస్తేనే వాళ్ళకి తృప్తి. నాకూ అంతే.

"ఈసారి శవాలు లేవు బావా. నమ్మకమే."

నవ్వుతూనే అంది. ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 15, మంగళవారం

చెక్కపెట్టె చేశాను. నాలుగు వైపులా చీలికలు, పైన మూత. ఊడదీసిన చెక్క కింద, గొట్టాలు ఎక్కువున్న చోట దించాను. ముందు ఉత్త తడి అట్టముక్కలే. అలవాటు పడాలట. ఇన్నేళ్ళూ వాటిని తరిమాను, ఇప్పుడు విందుకు పిలుస్తున్నాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

బడికి సెలవులిచ్చేశారు. మరదలు వచ్చి మూత తీసి చూసింది. అట్టల నిండా పురుగులే. బూజు పొడి కలిపిన అట్టలు పెట్టి, మూత వేసి, టేపు అంటించి, చేతులు దులుపుకుంది.

"నీ చేతులు ఊరుకుంటాయా బావా?"

నన్నేమనుకుంటోందో!

ఏప్రిల్ 27, ఆదివారం

పెట్టె తెరవలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

తెరవలేదు. టేపు సరిగ్గా అంటిందో లేదో చూద్దామని వెళ్ళాను. ఒక మూల లేచి ఉంది. సరిచేశాను.

ఏప్రిల్ 29, మంగళవారం

మూత కాస్త ఎత్తాను. ఎత్తడం వేరు, తెరవడం వేరు. రెప్పపాటు టార్చి వేశాను. తిరుగుతున్నాయి. చావలేదు, కానీ చురుగ్గా కూడా లేవనిపించింది. మంచి సూచనే.

కొత్త టేపు అంటించాను.

ఏప్రిల్ 30, బుధవారం

నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమన్నా ఉందా అని.

దగ్గు తక్కువ.

మే 3, శనివారం

పెట్టెలో ఒక్క పురుగు లేదు. చచ్చినవీ లేవు, బతికినవీ లేవు. నాలుగు చీలికలూ లోపలి నుంచి మట్టితో మూసేసి పోయాయి.

నేను ముందే అన్నాను. బూజుతో చెద పోవడమేంటి? పుస్తకాల్లో పనిచేస్తుందేమో. పొడి ఎక్కువ కలిపి ఉంటుంది. లేదా మా ఆవిడ నేల తుడిచే సబ్బు వాసన పడి ఉండదు. ఎండలు కూడా ఎక్కువగా ఉన్నాయి.

మే 5, సోమవారం

మరదలు పెట్టె బయటికి తీసింది. మట్టితో మూసిన చీలికలు చూసింది. తర్వాత టేపు గోటితో పైకి లేపింది. ఒక పొర వచ్చింది. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి.

"నేను ఒక్కసారే అంటించాను బావా."

మా ఆవిడ నేల తుడిచే సబ్బు సంగతి ఎత్తబోయి మరదలి మొహం చూసి ఆపేశాను.

తిడుతుందనుకున్నాను. నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయి, "అక్క బడి పోతే నేను తట్టుకోలేను బావా. నా కూతురు మాటలు నేర్చుకుంది ఇక్కడే" అంది.

తిట్టి ఉంటే బావుండేది.

మే 6, మంగళవారం

కొత్త పెట్టె, గోడ వైపు. కొత్త అట్టలు. అవి రావాలి, అలవాటు పడాలి, ఆ తర్వాత పొడి. మళ్ళీ మొదటికొచ్చాం. సెలవుల్లో పదకొండు రోజులు నా చేతుల మీదుగా కరిగిపోయాయి.

మూతకి తాళం వెయ్యమని నేనే అడిగాను.

"వెయ్యను. తాళం వేస్తే విరగ్గొడతావు. తాళం లేకపోతే సిగ్గుపడి ఊరుకుంటావు."

పేరుకు చిన్నది. నన్ను చదివేసింది.

మే 14, బుధవారం

కొత్త పెట్టె నిండా వచ్చేశాయి. ఇవాళ పొడి అట్టలు పెట్టింది. టేపు కూడా అంటించలేదు. "ఎందుకు దండగ?" అంది.

మే 16, శుక్రవారం

నేను బడిలో ఉండకపోవడమే మంచిదనుకున్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. పిల్లల కుర్చీలన్నీ కాళ్ళు ఊగుతున్నాయట. అక్కడే కూర్చుని బిగించమంది. పెట్టె ఉన్న చెక్క మీదే నా స్టూలు వేసింది. కావాలనే వేసింది.

నా కిందే ఉన్నాయవి. ఏం చేస్తున్నాయో తెలియదు. ఇరవై కుర్చీలుంటాయేమో, అన్నీ బిగించేసి మళ్ళీ మొదటి కుర్చీ దగ్గరకొచ్చాను.

మే 17, శనివారం

ఎత్తలేదు.

మే 19, సోమవారం

ఎత్తలేదు. నిజంగా.

మే 20, మంగళవారం

మరదలికి ఫోన్ చేసి బతిమాలాను. కనీసం ఏదో ఒకటి చూడనివ్వమని. గోడ మీది గొట్టం ఒకచోట గీరుకో, పెట్టె జోలికి రాకు అంది. ప్రాణంతో ఉంటే ఆ కంత ఊరికే వదలవు, మర్నాటికల్లా మట్టి పెట్టి పూడుస్తాయి. ఇది నా పనిలో పాత పరీక్షే, నాకు తెలియందేం కాదు. కంగారులో తట్టలేదు.

కిటికీ పక్క గొట్టం వేలెడు మేర చిదిపాను.

మే 21, బుధవారం

తెల్లారేసరికి పూడ్చేశాయి. తడి మట్టి, నున్నగా మెత్తాయి. మేస్త్రీలు కూడా అంత బాగా చెయ్యరు.

మరదలు "ఇంకా టైముంది" అంటోంది. గొంతులో మునుపటి ధీమా లేదు. లేదని నాకనిపించిందేమో.

మే 24, శనివారం

నిన్న మళ్ళీ చిదిపాను. మళ్ళీ పూడ్చాయి. ఈసారి ఇవాళ సాయంత్రానికి గానీ పూర్తవలేదు. ఇది లెక్కలోకి వస్తుందా?

మే 27, మంగళవారం

ఓనరు సోమవారం వడ్రంగిని తెచ్చి నేలంతా చూపిస్తాడట. ఆవిడ సరేనంది. తర్వాత పిల్లల తల్లిదండ్రులకి ఏమని చెప్పాలో ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ వంటింట్లో నిలబడింది. తనలో తనే మాట్లాడుకుంటోంది. నేను వచ్చానని తెలిసి కుళాయి తిప్పింది.

షెడ్డులో ఉన్న డబ్బా గుర్తొచ్చింది. మర్చిపోయానని రాశాను కదా.

మే 29, గురువారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే షెడ్డులోంచి డబ్బా తీశాను. పారేద్దామనే తీశాను. దాన్ని పట్టుకుని బడికి వెళ్ళాను. హాల్లో చెక్క ఊడదీశాను. డబ్బా మూత బిర్రుగా ఉంది, కొంచెం తిప్పేసరికి ఆ వాసన కొట్టింది. ఇన్నేళ్ళూ నా చొక్కాల్లో ఉన్న వాసనే. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. డబ్బా పక్కన పెట్టి పిల్లల కుర్చీలో కూలబడ్డాను.

తల ఎత్తితే ఆవిడ గుమ్మంలో ఉంది.

"ఏంటది?"

"పారేద్దామని."

"ఇక్కడా పారేసేది?"

ఆవిడ వచ్చి డబ్బా మూత బిగించి, గుమ్మం బయట పెట్టి, కిటికీలన్నీ తెరిచింది. ఇంకో చిన్న కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ గడ్డాలకి తగులుతున్నాయి. ఎవరన్నా చూస్తే నవ్వేవాళ్ళు.

"ఆగలేకపోతున్నాను" అన్నాను. "లోపలేం జరుగుతోందో కనబడదు. నేను చేతులు ముడుచుకుని కూర్చున్నందుకే నీ బడి పోతే? ఇంకే పనికీ పనికిరాకపోయినా ఈ ఒక్క పనికన్నా పనికొస్తాననుకున్నాను."

ఆవిడ నా మోకాలి మీది మట్టి దులిపింది.

"నేను మాత్రం ఆగుతున్నానా? మీరు నిద్రపోయాక రోజూ మీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను."

"ఎందుకు?"

"ఊపిరి ఆడుతోందో లేదోనని."

నాకు తెలియదు. డాక్టరు దగ్గరికెళ్ళొచ్చిన రోజు నుంచీ ఇదే పనట.

"నువ్వు చూస్తే ఆడుతుందా?"

"ఆడదు. అయినా చూస్తాను."

"మరి నేను మూత ఎత్తినా అంతేగా?"

"అంతే. కాకపోతే మీరెత్తితే అవి పారిపోతాయి. నేను చూస్తే మీరెక్కడికీ పోరు."

అంత బాధలోనూ నవ్వొచ్చింది. నవ్వితే మళ్ళీ దగ్గు. ఆవిడ లేచి వీపు నిమిరింది. చెంగుతో నా మొహం తుడిచింది. మీ చెల్లెలు చెప్పిన చెదపురుగుల్లో నువ్వూ ఒకదానివి అన్నాను. నెత్తి మీద మొట్టింది.

"ఒప్పందం చేసుకుందాం" అంది. "మీరు మూత ఎత్తకండి. నేను వేలు పెట్టను. పోతే పోనీండి బడి. విషం పోసి నిలబెట్టుకున్న బడి నాకొద్దు. మీ ఊపిరి పోసి నిలబెట్టింది అసలే వద్దు."

డబ్బా ఆవిడే తీసుకెళ్ళింది, అలాంటి చెత్త తీసుకునే చోట ఇవ్వడానికి. నేను వస్తానంటే వద్దంది. ఊడదీసిన చెక్కని మళ్ళీ బిగించి, దాని మీద స్టూలు వేసుకుని కూర్చున్నాను. వచ్చేముందు గోడ మీద గొట్టం చిదిపాను. ఇదే ఆఖరుసారి అనుకున్నాను.

మే 30, శుక్రవారం

కంత అలాగే ఉంది.

సంబరపడకూడదు. ఆలస్యం చేస్తున్నాయేమో.

మే 31, శనివారం

అలాగే ఉంది. అంచు మట్టి ఎండి రాలుతోంది. వేలు పెడితే పొడిపొడిగా వచ్చేసింది. ఇంకో రెండు చోట్ల చిదిపి చూశాను. ఎవరూ బయటికి రాలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే పోతుందేమోనని భయం. ఆవిడ మాత్రం అన్నం దగ్గర నా మొహం చూసి, "ఏంటి?" అంది. ఏం లేదన్నాను. ఇంకో గరిటె వడ్డించింది.

జూన్ 2, సోమవారం

ఓనరు, వడ్రంగి, మరదలు, మేమిద్దరం. వడ్రంగి హాలంతా తట్టాడు, చెక్కలు లేపాడు, దూలాల్లోకి ఉలి గుచ్చాడు. అతను గుచ్చిన ప్రతిసారీ మా ఆవిడ నా మోచెయ్యి నొక్కింది. ఇంకా ఎర్రగా ఉంది.

"దూలం ఒకటి బాగా తినేసింది, మార్చాలి. నేల చెక్కలు కొన్ని. పురుగు మాత్రం కనబడట్లేదు" అన్నాడు వడ్రంగి.

ఓనరు ఊరుకోలేదు. "ఆ పెట్టెలో ఏముందో చూపించండి."

అందరూ నా వైపు చూశారు. నేను మరదలి వైపు చూశాను.

"నువ్వే తియ్యి బావా. ఇప్పుడు తియ్యొచ్చు."

ఇన్ని రోజులు చచ్చేంత తహతహలాడిన చెయ్యి మూత మీద పెట్టాను. ఎత్తాను. అట్టలు దువ్వెన పళ్ళలా తినేసి ఉన్నాయి. వాటి మధ్య పురుగులు, కదలకుండా. ఒంటి మీద ఆకుపచ్చ పొడి. చాలావాటి పక్కన ఇంకోటి ఆనుకుని ఉంది. తుడుస్తూ తుడుస్తూనే పోయినట్టున్నాయి.

"ఇవేనా శవాలు?" అన్నాడు ఓనరు.

అవునన్నాను. కాగితంలోకి ఊడ్చి చూపించాలనిపించలేదు. మూత వేసేశాను.

"ఇవాళ్టికి లేవు" అంది మరదలు. "రేపు ఇంకో గుంపు రాదని నేను చెప్పను. పెట్టెలు ఇక్కడే ఉండాలి. తెలిసినవాళ్ళెవరన్నా నెలకోసారి చూస్తుండాలి."

"డాక్టరుగారున్నారుగా" అన్నాడు ఓనరు. కంపెనీ మాట మళ్ళీ ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, మా తమ్ముడింట్లో కూడా చెదలున్నాయి, వాడికీ ఇలాంటి పెట్టె పెడతారా అని అడిగాడు. పంపు అక్కర్లేదుగా, పెడతానన్నాను.

మరదలు నా చెవి దగ్గర, "నెలకోసారి బావా. రోజూ కాదు" అంది.

మా ఆవిడ హాలు మధ్యలో నిలబడి చెప్పులు విప్పి, ఆ చెక్కల మీద నాలుగడుగులు వేసింది. అప్పుడు ఏడ్చింది.

జూన్ 8, ఆదివారం

కొత్త దూలం పడింది. కొత్త చెక్కలు మిగతావాటికంటే తెల్లగా ఉన్నాయి, పిల్లలు వచ్చీ రాగానే రంగులు పూసి కలిపేస్తారు. రేపే బడి.

దగ్గు తక్కువ. మెట్లు ఎక్కాను. మధ్యలో ఒకసారి ఆగాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక పడుకున్నాను. కునుకు పట్టలేదు గానీ కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆవిడ రేపటి కోసం పిల్లల పలకలు సర్దుతోంది. ఆ చప్పుడు ఆగింది. అడుగులు దగ్గరకొచ్చాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత ముక్కు దగ్గర వేలు, తగిలీ తగలనట్టు. పలకలు కడిగిన సబ్బు వాసన.

ఒప్పందం ప్రకారం పెట్టకూడదు. నేను మూత ఎత్తలేదు కదా, నా మాట నిలబెట్టుకున్నాను కదా. కళ్ళు తెరిచి పట్టుకోవచ్చు, పదేళ్ళు ఏడిపించొచ్చు.

తెరవలేదు. ఆవిడ వేలికి బాగా తగిలేట్టు ఊపిరి గట్టిగా వదిలాను.